మూడు నదుల నడుమ సిరొంచ

మహారాష్ట్ర పటంలో ఆగ్నేయ దిశగా చిట్టచివరి కొసన గడ్చిరోలి జిల్లాకు చెందిన సిరొంచ తాలూకా ఉన్నది. దీనికి పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి ప్రవహిస్తున్నాయి. మూడు వైపుల నీరు, ఉత్తరాన అడవి. ప్రాణహిత దాటితే తెలంగాణలోని మంచిర్యాల జిల్లా, గోదావరి దాటితే కాళేశ్వర క్షేత్రం, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. సొంత జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి పోవలసివస్తే మాత్రం ఆలపల్లి మీదుగా, అందులో సగం దట్టమైన టేకు అడవిలో, రమారమి రెండు వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. పరాయి రాష్ట్రం ఏటికి ఆవల, సొంత జిల్లా కచేరీ అడవికి ఆవల. ఈ పట్టణపు కథంతా ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నది.

సిరొంచలోను, చుట్టుపట్ల అంకీస, ఆసరల్లి మొదలైన గ్రామాలలోను ఇంటి భాష తెలుగు. అడవి పల్లెలలో గోండి, మాడియా భాషలు వినవస్తాయి. బడిలో, కచేరీలో మరాఠీ. భాద్రపద అమావాస్య వచ్చిందంటే వాకిళ్ళలో బతుకమ్మలు పేరుస్తారు. మేడారం జాతరకు నది దాటి పోతారు. ఇది చూచి నాగపూరునుండి వచ్చిన ఉద్యోగులు కొందరు "మీరు ఆంధ్రనుండి ఎప్పుడు వలస వచ్చారు?" అని అడగడం కద్దు. ఆవలి ఒడ్డు బంధువులు సైతం వీరిని "మహారాష్ట్రవాళ్ళు" అంటారు. చిత్రమేమంటే ఈ రెండు మాటలూ సరియైనవి కావు. సిరొంచ తెలుగువారిలో అధికులు ఎక్కడినుండియో తరలివచ్చినవారు కారు. వారు ఉన్నచోటనే ఉన్నారు. వారి మీదుగా సరిహద్దు గీతయే పలుమార్లు జరిగింది. ఎప్పుడెప్పుడు, ఏ కారణాన జరిగిందో తెలియడం కేవలం చరిత్రాసక్తికి సంబంధించినది కాదు. పిల్లల కుల ధ్రువపత్రాల వరకు దాని ప్రభావం ఉన్నది.

సంగమ భూమి

విదర్భలోని వర్ధా, వైన్‌గంగా నదులు కలిసి ప్రాణహిత అవుతున్నాయి. కలిసిన చోటునుండి గోదావరిని చేరేవరకు దీని పొడవు నూటపదమూడు కిలోమీటర్లు మాత్రమే. పొట్టి నదియే గాని, గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడింట ఒక వంతు, అనగా లక్షా తొమ్మిదివేల చదరపు కిలోమీటర్ల మీద కురిసిన వాన ఈ నదిగుండానే దిగివస్తుంది. వేసవిలో కాళేశ్వరం ఎగువన గోదావరి ఇసుక తిన్నెగా మిగిలినప్పుడు కూడా ప్రాణహితలో ధార ఉంటుంది. శ్రీరాంసాగర్ మొదలైన ఆనకట్టలు కట్టిన పిదప ఈ వ్యత్యాసం మరింత స్పష్టమైంది. నీటికోసం ఇంజనీర్ల చూపు పదే పదే ఈ సంగమం మీద పడడానికి కారణం ఇదే.

సిరొంచ పట్టణం ప్రాణహిత ఎడమ గట్టున, సంగమానికి కొద్ది ఎగువన వెలసింది. ఒడ్డున పాత కోట ఆనవాళ్ళు ఉన్నాయి. నదికి ఆవలి గట్టున కాళేశ్వర ముక్తేశ్వరస్వామి ఆలయంలో ఒకే పానవట్టంపై రెండు లింగాలు దర్శనమిస్తాయి. శ్రీశైలం, ద్రాక్షారామాలతో పాటు త్రిలింగాలలో ఒకటిగా కాళేశ్వరాన్ని చెప్పి, త్రిలింగ దేశమే తెలుగుదేశమైనదని పెద్దలు వ్యాఖ్యానించారు. భాషాశాస్త్రవేత్తలు ఆ వ్యుత్పత్తిని అందరూ అంగీకరించరు. అయినను తెలుగు నేలకు ఎల్లగా చెప్పుకొనే గుడి గంట మరాఠీ రాష్ట్రంలోని పట్టణానికి అంత సమీపాన మ్రోగడం గమనింపదగినది. 2022 ఏప్రిల్‌లో జరిగిన ప్రాణహిత పుష్కరాలకు రెండు గట్లమీదను యాత్రికులు స్నానాలు చేశారు.

ఈ నేల మనుష్యులకంటె చాల పాతది. సిరొంచకు ఉత్తరాన నది ఒడ్డుననున్న కోట అనే చిన్న గ్రామం పేరు ప్రపంచ భూగర్భశాస్త్ర గ్రంథాలలో కనిపిస్తుంది. అక్కడి సున్నపురాతి పొరలలో పురాతన మత్స్యాల శిలాజాలు పందొమ్మిదో శతాబ్దిలోనే బయటపడ్డాయి. ఆ పొరలకు "కోట శిలా సముదాయం" అని పేరు స్థిరపడింది. ఈ ప్రాణహిత గోదావరి లోయలోనే 1958 మొదలు కొన్నేళ్ళపాటు జరిపిన త్రవ్వకాలలో ఒక పెద్ద శాకాహారి రాక్షసబల్లికి చెందిన మూడువందల ఎముకలు లభించాయి. దానికి "బరాపాసారస్ టాగోరై" అని 1975లో నామకరణం చేశారు. బెంగాలీలో "బరా పా" అనగా పెద్ద కాలు. తొడ ఎముకయే మనిషి ఎత్తున ఉంటుంది. రెండవ మాట విశ్వకవి రవీంద్రుని స్మరణార్థం చేర్చినది. కూర్చి నిలబెట్టిన ఆ అస్థిపంజరం కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో ఉన్నది. సిరొంచ తాలూకాలోని వడదంలో శిలాజాల పార్కును తరువాతి కాలంలో ఏర్పాటు చేశారు. రాయిగా మారిన చెట్ల మానులు అక్కడ నేలమీదనే కనిపిస్తాయి. కలకత్తావరకు పోలేని సిరొంచ పిల్లవాడికి తన ఊరి రాక్షసబల్లి నమూనా ఒకటి ఊరిలోనే చూపగలిగితే ఎంత బాగుండును!

గీత పడిన సంవత్సరం

1860వరకు ప్రాణహిత, గోదావరుల రెండు గట్లూ హైదరాబాదు నిజాము రాజ్యంలోనివే. 1857 నాటి తిరుగుబాటు కాలంలో నిజాము ఆంగ్లేయుల పక్షాన నిలిచాడు. అందుకు ప్రతిఫలంగా 1860 డిసెంబరు నాటి సంధిలో రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ప్రాంతాలు ఆయనకు తిరిగి దక్కాయి. సురపురం సంస్థానం కూడా ఆయనకే చెందింది. అదే సంధిలో గోదావరి ఎడమ గట్టున ఉన్న సిరొంచ, నూగూరు, ఆలుబాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాము ఆంగ్లేయులకు వదలుకొన్నాడు. గోదావరిమీద సాగే రవాణాకు సుంకం ఉండరాదనే షరతు కూడా అందులో ఉన్నది.

ఆ షరతే అసలు గుట్టు విప్పుతున్నది. అడవులు, జ్వరాలు తప్ప పెద్ద శిస్తు రాని ఈ ఎడమ గట్టు ఆంగ్లేయులకు దేనికి? నదికోసం. ఒక గట్టయినా తమ చేతిలో ఉంటే తప్ప గోదావరిని పడవల మార్గంగా మలచడం వారికి సాధ్యం కాదు.

ఆ విధంగా ఆరు తాలూకాలతో "ఎగువ గోదావరి జిల్లా" ఏర్పడింది. దాని ముఖ్యస్థానం సిరొంచ. నేడు జిల్లా కచేరీకి అడవిదారి పట్టి పోతున్న ఈ పట్టణం ఒకప్పుడు తానే జిల్లా కేంద్రం. భద్రాచలంవాసులు తమ పనులకై సిరొంచ వైపు చూడవలసివచ్చిన కాలమది. డిప్యూటీ కమిషనరు గ్లాస్‌ఫర్డ్ 1868లో సమర్పించిన భూమి శిస్తు బందోబస్తు నివేదిక ఆ జిల్లా స్వరూపాన్ని వర్ణించిన ముఖ్య పత్రం.

నదికి ఈవల ఆంగ్లేయుల రూపాయి, ఆవల నిజాము హాలీ సిక్కా. ఆవలి రేవులో నిజాము కరోడ్‌గిరి, అనగా సరుకుపై సుంకం. ఒకే ఇంటిపేరువారు, ఒకే కులపెద్ద మాట వినేవారు, రెండు నాణేలతో బజారు చేయవలసివచ్చింది. హైదరాబాదు సంస్థానం 1948లో భారతదేశంలో కలిసేవరకు ప్రాణహిత ఎనభై ఎనిమిది సంవత్సరాలు రెండు దొరతనాల మధ్య ఎల్లగా నిలిచింది.

పత్తి పడవలు

కృష్ణా గోదావరి డెల్టాల ఆనకట్టలతో ప్రసిద్ధుడైన సర్ ఆర్థర్ కాటన్ నదులను నీటికోసమే గాక రవాణాకోసం కూడా వాడాలని పట్టుబట్టినవాడు. నాగపూరు, బేరారు పత్తిని వర్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవలలో దించి కాకినాడ రేవుకు చేర్చాలన్నది ఆనాటి యోచన. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండుకు చేరక మిల్లులు ఆగిపోయేసరికి ఈ యోచనకు బలం చేకూరింది. హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యాన పనులు సాగాయి.

నదిలో రాతి చట్టులు పరచుకొని పడవలకు అడ్డుపడే తావులు మూడు. దుమ్మగూడెం మొదటిది, ఇంద్రావతి సంగమం దిగువన ఇచ్చంపల్లి రెండవది, సిరొంచకు ఎగువన ప్రాణహితమీద అహేరి సమీపాన దేవల్‌మరి మూడవది. అడ్డంకికి ప్రక్కగా కాలువ త్రవ్వి, లాకులు కట్టి పడవలను దాటించాలి. దుమ్మగూడెం వద్ద ఆనకట్ట, లాకులు నిలిచాయి. తక్కినచోట్ల మలేరియా, కూలీల కొరత, పెరిగిపోయిన ఖర్చు పనిని కుంటుపరచాయి. ఇంతలో 1867లో బొంబాయినుండి రైలు నాగపూరు చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో ఎగువ గోదావరి పనులను నిలిపివేశారు.

పడవ రాకపోవడంతో సిరొంచ జిల్లా కేంద్రంగా ఉండవలసిన అవసరమూ తీరిపోయింది. ఒక పట్టణం ఉచ్ఛస్థితికి, పతనానికి మధ్య ఇంత తక్కువ వ్యవధి ఉండడం అరుదు. టేకు తెప్పలు మాత్రం ఆ తరువాత కూడా నదిమీద దిగువకు సాగాయి.

విడిపోయిన తోబుట్టువులు

1874లో ఎగువ గోదావరి జిల్లాను రద్దు చేశారు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరాయి. తక్కిన నాలుగింటిని సిరొంచ తహశీలుగా చేసి మధ్య పరగణాలలోని చాందా జిల్లాకు కలిపారు. 1907లో మరొక కోత పడింది. నూగూరు, ఆలుబాక, చర్ల కూడా మద్రాసుకు పోయాయి. సిరొంచ ఒక్కటే మిగిలిపోయింది.

ఒకే సంధితో ఒకే రోజున చేతులు మారిన ఈ తోబుట్టువుల దారులు తరువాత ఎలా వేరైనాయో చూడదగినది. మద్రాసులో చేరిన అయిదు తాలూకాలు 1953లో ఆంధ్రరాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. నేడు నూగూరు వెంకటాపురం తెలంగాణలోని ములుగు జిల్లాలోను, చర్ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను ఉన్నాయి. అక్కడి పిల్లలు తెలుగులో చదివి, తెలుగులో అర్జీ వ్రాసుకొన్నారు. సిరొంచ 1950లో మధ్యప్రదేశ్, 1956లో ద్విభాషా బొంబాయి రాష్ట్రం, 1960 మే 1నుండి మహారాష్ట్ర అయింది. ఊరి మనిషి కదలకుండానే పదేళ్ళలో మూడు రాష్ట్రాల పౌరుడైనాడు. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లానుండి గడ్చిరోలిని వేరుచేసినప్పుడు జిల్లా పేరు కూడా మారింది.

1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినపుడు సిరొంచను తెలుగు రాష్ట్రంలో చేర్చకపోవడానికి కారణం కుట్ర ఏమీ కాదు. పునర్విభజనకు సాధారణంగా జిల్లానే ప్రమాణంగా తీసుకొన్నారు. చాందా జిల్లా మొత్తంమీద మరాఠీ మెజారిటీ కలది. తాలూకాల స్థాయిలో మార్పులు జరగకపోలేదు. ఆదిలాబాదు జిల్లానుండి రాజురా తాలూకాను విడదీసి బొంబాయి రాష్ట్రానికి ఇచ్చారు. సిరొంచ విషయంలో మాత్రం 1874నాటి పాలనా సౌకర్యమే భాషకంటె బరువు తూగింది. న్యాయమా అంటే కాదు. నాడు సిరొంచ గొంతు బొంబాయిలో గాని, హైదరాబాదులో గాని వినిపించేంత పెద్దది కాదు.

కాగితాలలోని సరిహద్దు

నదికి ఆవల పహాణీ, పట్టాదారు పాసుపుస్తకం. ఈవల సాత్‌బారా ఉతారా. ఆవల మేనమామ, ఈవల మేనల్లుడు. సంబంధాలు కలుపుకొనేటప్పుడు ఎవరూ రాష్ట్రం చూడరు. కాని కాగితాలు చూస్తాయి.

షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రంవారీగా ఉంటాయి. ఒక రాష్ట్రంలో పొందిన ఆ హోదా మరొక రాష్ట్రానికి నివాసం మార్చుకొన్నవారి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మహారాష్ట్రలో కుల ధ్రువపత్రానికి పూర్వుల నివాసాన్ని రుజువు చేయవలసిన తేదీలు ఉన్నాయి. షెడ్యూల్డు కులాలకు 1950 ఆగస్టు 10, షెడ్యూల్డు తెగలకు 1950 సెప్టెంబరు 6, విముక్త సంచార జాతులకు 1961 నవంబరు 21, ఇతర వెనుకబడిన వర్గాలకు 1967 అక్టోబరు 13. ఈ తేదీలకు ముందే కుటుంబం ఇక్కడ ఉన్నట్లు చూపగలగాలి.

ఇక్కడనే "ఎప్పుడు వలస వచ్చారు?" అన్న ప్రశ్న ప్రమాదకరమవుతున్నది. ఇంటిపేరు, మాట తెలుగువి కాబట్టి అర్జీదారు తెలంగాణవాడని అనుమానించే గుమాస్తా ఎదురైనపుడు తాతలనాటి కాగితం ఒక్కటే ఆదుకొంటుంది. తాతగారి బడి దాఖలా రిజిస్టరు నకలు, విదర్భ గ్రామాలలో జనన మరణాలు నమోదు చేసిన పాత కోత్వాలు పుస్తకపు నకలు, పాత భూమి బందోబస్తు పత్రాలు ఇందుకు ఉపకరిస్తాయి. వాటిలో పేర్లు మరాఠీ లిపిలో మారి వ్రాసి ఉండడం సర్వసాధారణం. "అయ్య" అని ముగిసే పేరు "య్యా" అయి, ఇంటిపేరు చివరికి జరిగి ఉంటుంది. ఇటువంటి తేడాను సీటు గడువు దగ్గరపడినపుడు కాక, తీరికగా ఉన్నపుడే సరిచూచుకోవడం మేలు. ఆవలి ఒడ్డునుండి కోడలిగా వచ్చిన స్త్రీకి ఆధారపత్రాలు పుట్టింటివైపే వెదకవలసి ఉంటుందన్న సంగతి కూడా మరువరాదు.

వంతెనలు, ఆనకట్ట

పూర్వం రాకపోకలన్నీ నాటు పడవలమీదనే. వానాకాలంలో ప్రాణహిత పొంగితే పడవ ఆగిపోయేది. రోగి ఒడ్డుననే నిలిచేవాడు. గత దశాబ్దంలో గోదావరిమీద కాళేశ్వరం వైపు, ప్రాణహితమీద చెన్నూరు వైపు వంతెనలు వెలసి ఈ దుస్థితిని తొలగించాయి. నిజామాబాదు జగదల్‌పూర్ జాతీయ రహదారి ఇప్పుడు సిరొంచ మీదుగానే పోతుంది. ఇంద్రావతిమీద కూడా వంతెన ఉన్నది. పెద్ద వైద్యానికి, పెద్ద బేరానికి మంచిర్యాల, వరంగల్లు దగ్గరయినాయి. నూటయేభై ఏళ్ళ క్రితం హేగ్ దొర పడవలతో చేయాలనుకొన్న పనిని లారీలు చేస్తున్నాయి.

అయితే నదిని కలిపిన దశాబ్దమే నదిని నిలిపింది కూడా. ప్రాణహితనుండి నీరు ఎత్తిపోసేందుకు 2008లో ఎగువన తుమ్మిడిహెట్టివద్ద శంకుస్థాపన జరిగింది. అక్కడ 152 మీటర్ల మట్టానికి మహారాష్ట్ర ఒప్పుకొనలేదు. మునిగే గ్రామాలు తమవి కనుక. తెలంగాణ ఏర్పడిన తరువాత ప్రాజెక్టును మార్చి, సంగమానికి సుమారు ఇరవై కిలోమీటర్ల దిగువన మేడిగడ్డను ఎంచుకొన్నారు. 2016 ఆగస్టు 23న ముంబయిలో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకొన్నాయి. మేడిగడ్డ పూర్తి మట్టం 100 మీటర్లు. 85 గేట్లు, 16.17 టి.ఎం.సి.ల నిల్వ. 2019 జూన్ 21న కాళేశ్వరం ప్రాజెక్టు ప్రారంభమైంది. కుడి గట్టు తెలంగాణలోని అంబటిపల్లి. ఎడమ గట్టు సిరొంచ తాలూకాలోని పోచంపల్లి.

నీరు పోయేది కుడి గట్టు పొలాలకు. వెనుక జలాలు ఎక్కేది రెండు గట్లమీదికి. ఎడమ గట్టున మిరప, పత్తి, వరి వేసుకొన్న రైతులు తమ చేలు మునుగుతున్నాయని, కొలతకు మించిన భూమి పోతున్నదని మొదటినుండి మొరపెట్టుకొన్నారు. 2022 జూలైలో మేడిగడ్డవద్ద ప్రవాహం 28 లక్షల క్యూసెక్కుల మేరకు చేరినపుడు సిరొంచ తాలూకా నది ఒడ్డు పల్లెలు జలమయమై ప్రజలు మెరకకు తరలిపోవలసివచ్చింది. అంతటి వరదకు ఆనకట్ట లేకున్నను పల్లపు చేలు మునిగేవే. ఆ మాట నిజమే. కాని ఎంత ఎత్తున, ఎన్ని రోజులు నిలిచింది, దిగినప్పుడు ఎంత ఇసుక మేట వేసింది అన్నవి వేరు ప్రశ్నలు. వాటికి సమాధానం గేట్ల నమోదు పుస్తకంలో, పొలంగట్టున కొలిచిన మట్టంలో ఉంటుంది గాని ఉపన్యాసాలలో ఉండదు.

2023 అక్టోబరు 21న మేడిగడ్డ ఏడవ బ్లాకులో స్తంభాలు కుంగాయి. వంతెనపై రాకపోకలు ఆపి, నిల్వ నీటిని వదలివేశారు. కేంద్ర ఆనకట్టల భద్రతా సంస్థ పరిశీలించింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం నియమించిన జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ 2025 జూలైలో నివేదిక ఇచ్చింది. ఈ చర్చలో కోట్ల రూపాయలు, కుంగిన స్తంభాలు, నాయకుల బాధ్యత ప్రధానాంశాలైనాయి. ఎడమ గట్టు రైతు ప్రస్తావన అందులో వెదకితే గాని కనిపించలేదు. ఆయన ఓటు ఆ శాసనసభలో లేదు. ఆయన శాసనసభ ఉన్న ముంబయికి ఆయన పొలం కనిపించదు.

ఆనకట్టను మరమ్మతు చేసి మరల నీరు నిలిపినా, మరొకచోట కొత్తది కట్టినా, ఇచ్చంపల్లివద్ద దశాబ్దాలుగా నలుగుతున్న ప్రతిపాదన గోదావరి కావేరి అనుసంధానం పేరున ముందుకు సాగినా, మొదట తడిసేది ఈ ఎడమ గట్టే. అందుచేత ఒడ్డు గ్రామాలవారు వరద దిగిన ప్రతిసారీ తలాఠీ చేత పంచనామా వ్రాయించి నకలు తీసుకోవడం, మునిగిన సర్వే నంబర్లను సాత్‌బారాతో సరిచూచి ఉంచుకోవడం, నీరు నిలిచిన ఎత్తును ఇంటి గోడమీదనో, గుడి మెట్టుమీదనో తేదీతో సహా గుర్తు పెట్టడం అవసరం. నది ఒడ్డు పాత కట్టడాలమీద పూర్వులు గీసిన వరద గీతలు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి.